సప్పుడు చేయని సద్దుల బతుకమ్మ

నా గొంతు పెద్దది. దాచుకుందామన్నా దాగదు. అటవీ శాఖలో పనిచేసినన్నాళ్లూ ఆఫీసులో నన్ను ‘మైకు మేడం’ అనేవాళ్లు. వెనకాలే కదా అంటున్నాం అనుకునేవాళ్లు పాపం. నాకు చెవులు కూడా పెద్దవేనని వాళ్లకు తెలియదు.

ఈ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. మా ఆయన ఫారెస్టు గార్డు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటిదాకా అడవిని బస్సు కిటికీలోంచి తప్ప చూసినదాన్ని కాను. అనంతగిరి గుట్టల్లో నా మొదటిరోజు వానాకాలపు మబ్బు చెట్ల మధ్యకు దిగి ఉంది. నాలుగడుగుల అవతల ఏముందో కనపడదు. కాళ్లు కదలక నిలబడిపోతే, వెంట వచ్చిన ముసలి వాచర్ అన్నాడు: “మాట్లాడుకుంట నడువమ్మా. నువ్వొస్తున్నవని ఎరుకైతె అడివే జర పక్కకు జరుగుతది.” ఏం మాట్లాడాలో తోచక ఆ రోజంతా మా అత్తను తిట్టుకుంటూ నడిచాను. అడవి నిజంగానే జరిగింది. ఆ తర్వాత కందిపప్పు ధర, పిల్లల చదువులు, ఆడబిడ్డ ఎత్తిపొడుపులు, అన్నీ ఆ చెట్లకే చెప్పుకున్నాను. భయం ఎప్పుడు పోయిందో తెలియదు గానీ గొంతు మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు కనపడితే అడుగుతుంటారు, మీ సర్వీసులో మరిచిపోలేని రోజేది మేడం అని. దొంగ కలప లారీ వెంట పడిన కథో, గుట్టకు అంటుకున్న మంట ఆర్పిన కథో చెబుతానని ఎదురుచూస్తారు. నేను మాత్రం నోరు మూసుకున్న రోజు గురించి చెబుతాను. అలాంటిది ఒక్కటే ఉంది కాబట్టి ఏ రోజని వెతుక్కోనక్కర్లేదు.

అప్పటికి నేను సెక్షన్ ఆఫీసర్ని, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాను. కోట్‌పల్లి వైపు ఒక ఊరు నా పరిధిలో ఉండేది. ఊరి చివర కుంట, కుంట కట్ట దాటగానే గుట్ట. గుట్ట నిండా సీతాఫలం చెట్లు. బతుకమ్మ రోజులు వచ్చాయంటే ఆ గుట్ట ఆడవాళ్లది. తెల్లవారకముందే గంపలు పట్టుకుని ఎక్కుతారు. పొగమంచులో మనుషులు కనపడరు, మాటలు మాత్రం చెట్టు నుంచి చెట్టుకు పోతుంటాయి. కాయ మీది గళ్ల మధ్య పసుపు తేలితే ‘కండ్లు తెరిచింది’ అంటారు. అలా కండ్లు తెరిచిన కాయనే తెంపుతారు.

తెంపినవన్నీ వెంటనే ఇంటికి మోసుకుపోరు. కోతులకు దొరక్కుండా బండసందుల్లో ఎండుగడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పి మక్కబెడతారు. మెత్తబడ్డాక తీసి వికారాబాద్ స్టేషన్ దగ్గరో, పట్నం కార్లు ఆగే రోడ్డు పక్కనో అమ్ముకుంటారు. ఒకరి సందులో ఇంకొకరు చేయి పెట్టరు. తన సందులోనైనా సరే, చేయి పెట్టే ముందు కట్టెతో బండను తట్టి “వస్తున్న తల్లీ, జరుగు” అనడం అక్కడి ఆడవాళ్ల పద్ధతి. లోపల పామో తేలో ఉంటే దాని దారిన అది పోతుందని. తల్లి ఎవరంటే వాళ్లకూ సరిగ్గా తెలియదు. పాము కావచ్చు, గుట్ట కావచ్చు.

ఆ ఆడవాళ్లలో ఒకామె నా ఈడుది. ఊరంతా ఆమెను పండ్లక్క అనేది, నేను కూడా. భర్త లేడు. ఒక్కతే కూతురు. యాలాల్ వైపు ఇచ్చింది. ఆ పిల్ల తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చి ఉంది, నెలలు నిండాయి. ఏడాదంతా కూలి దొరికినా దొరక్కపోయినా, సీతాఫలం మాత్రం పండ్లక్కను ఏనాడూ వదిలిపెట్టలేదు. గుట్ట దిగుతూ కనపడితే మంచి పండొకటి ఏరి నా చేతిలో పెట్టేది. “తినుకుంటనన్న జర సప్పుడు ఆపుతవని ఇస్తున్న” అనేది.

సద్దుల బతుకమ్మకు ముందురోజు పొద్దున నాకు ఫోన్ వచ్చింది. పండ్లక్క కూతురు.

“మేడం, మా అమ్మ గంపల పులిపిల్ల వచ్చింది. ఏడుస్తున్నది.”

“ఎవరు, మీ అమ్మనా?”

“ఇద్దరు.”

మా బీట్ ఆఫీసర్‌ను వెంటేసుకుని బయల్దేరాను. ఆ అమ్మాయిది తాండూరు. తండ్రి నాపరాళ్ల పాలిష్ మిల్లులో చేసేవాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పక్కింట్లో కన్నడం వింటూ పెరిగిన పిల్ల. మూడు భాషలు వచ్చినా మూడింటిలోనూ మెల్లగానే మాట్లాడేది. ఆమె మాట వినాలంటే దగ్గరికి జరగాలి, నా మాట వినాలంటే దూరం జరగాలి. ఇద్దరినీ ఒకే జీపులో వేసిన వాళ్లకు దండం పెట్టాలి.

పండ్లక్క ఇంట్లో నట్టింట గంప. గంపలో గడ్డి, గడ్డిలో పండ్లు, పండ్ల మధ్య చిరుతపిల్ల. పుట్టి ఎన్నాళ్లో కాలేదు. మచ్చలు ఇంకా సరిగ్గా తేలలేదు, మసిగుడ్డతో తుడిచినట్టు ఉంది ఒళ్లంతా. కళ్లు మూసుకుని మూతి మాత్రం అటూ ఇటూ తిప్పుతోంది. ఇల్లంతా పండిన సీతాఫలం వాసన. అంత తియ్యటి వాసనలో అది ఆకలితో ఏడుస్తుంటే ఎలాగో అనిపించింది నాకు.

పండ్లక్క గోడకు ఆనుకుని కూర్చుంది. “తట్టలే మేడం,” అంది. “బిడ్డకు నొప్పులొస్తున్నట్టున్నయంటె ఫికర్ల ఉన్న. జల్ది పోయి జల్ది రావాలని ఇంక మసకల్నే ఎక్కిన. బండను తట్టలే, మాట అనలే. గడ్డితోని సహ ఎత్తి గంపల పోసుకున్న. రోడ్డు కాడికి వచ్చినంక గంప ఏడ్సింది.”

ఆమె మక్కబెట్టిన గడ్డి మెత్తగా ఉందని చిరుత తన పిల్లలను తెచ్చి అందులో పడుకోబెట్టుకుంది. పొద్దున అది తిండికి పోయిన వేళకు ఈమె వచ్చింది. ఒకరి పరుపు ఒకరు వాడుకున్నారు, అంతే జరిగింది. నేను ఆ మాటే చెప్పబోయాను, ఆమె వినలేదు.

“కండ్లు తెర్వని కాయను ఎన్నడు తెంపలే నేను. గీ పిల్లకు కండ్లు గూడ తెర్వలే. రేపో మాపో నా బిడ్డకు కాన్పు. తల్లి కాడికెల్లి పిల్లను ఎత్తుకొస్తి గద, గా తల్లి ఉసురు ఊకె పోతదా?”

“ఏం కాదక్కా,” అన్నాను. ధైర్యం చెబుదామని కాస్త గట్టిగానే అన్నాను. గంపలో పిల్ల ఉలిక్కిపడి ఇంకా ఏడ్చింది. మా బీట్ ఆఫీసర్ నా భుజం మీద చేయి వేసి, “ఆహిస్తా మేడం, మెల్లగా” అంది.

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. ఆడపిల్ల, దెబ్బలేం లేవు, సీసాతో కాసిన్ని పాలు పట్టవచ్చు అన్నాడు. “ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టండి. పిల్ల ఏడుపు చెవిన పడితే తల్లి వస్తది” అని చెప్పి వెళ్లాడు. మధ్యాహ్నానికి మా రేంజ్ ఆఫీసర్ సారు కూడా వచ్చాడు. మంచివాడే. కాకపోతే పులి కంటే పేపరు వాళ్లకు ఎక్కువ భయపడేవాడు. ముందుగా మేం గుట్ట ఎక్కి ఆ బండసందు చూశాం. దుమ్ములో తల్లి అడుగులు వచ్చి పోయి ఉన్నాయి. ఇంకో పిల్ల ఉన్నట్టు గడ్డిలో ఆనవాలు ఉంది, పిల్ల లేదు. అంటే తల్లి వచ్చి ఉన్నదాన్ని వేరే చోటికి మార్చుకుంది. లేనిదాని కోసం మళ్లీ వస్తుందా అన్నదే ప్రశ్న.

పొద్దు వాలుతుంటే గంపను సందులో పెట్టాం. ఎదురుగా చెట్టుకు ఒక కెమెరా కట్టి, దూరంగా ఎత్తున్న ఇంకో బండ మీద కూర్చున్నాం. కింద కుంట దగ్గర ఆ రోజు బతుకమ్మ ఆట మొదలైంది. పాటలకు తోడు సర్పంచ్ తాండూరు నుంచి డీజే బాక్సులు తెప్పించాడు. ఆ దెబ్బకు మేం కూర్చున్న బండ అదిరింది. పిల్ల ఏడుస్తూనే ఉండి ఉంటుంది. మాకే వినపడలేదు, తల్లికేం వినపడుతుంది?

ఒక్కసారి, పాటకూ పాటకూ మధ్య, పై నుంచి రంపంతో కట్టె కోసినట్టు గొంతు వినిపించింది. బీట్ ఆఫీసర్ నా చేయి గట్టిగా పట్టుకుంది. తల్లి పిలుస్తోంది. పిల్ల బదులు పలికేలోపే కింద బాక్సులు అందుకున్నాయి. ఆ తర్వాత ఆ రంపం గొంతు గుట్ట అవతలి వైపు నుంచి సన్నగా వచ్చి ఆగిపోయింది. ఇంక లాభం లేదని, నక్కలు పట్టుకుపోతాయన్న భయానికి పిల్లను మళ్లీ పండ్లక్క ఇంటికే తెచ్చుకున్నాం.

సారు వాకిట్లో నిలబడి చెప్పాడు. “రేపొక్క సాయంత్రం చూద్దాం. రాకపోతే పిల్లను సిటీకి పంపిస్తం, జూలో పెంచుతరు. తల్లి పిల్లను వెతుక్కుంటూ ఊరి మీద పడకముందే బోను పెట్టి దూరం అడవికి తరలించాలె. ఈ ఏడు గుట్ట బంద్, కాయకు ఎవరూ పోవద్దు.” అందులో తప్పు పట్టడానికేం లేదు. ఆయన కుర్చీలో నేనున్నా అదే చెప్పేదాన్ని.

గుట్ట మూస్తే పండ్లక్క ఇంట్లో పొయ్యి మీదికి ఏమొస్తుందో నాకు తెలుసు. నెలలు నిండిన పిల్ల ఇంట్లో ఉండగా మరీను. ఆమె మాత్రం గుట్ట సంగతి ఎత్తలేదు. అరుగు మీద కూర్చుని అంతా విని, సారు వెళ్లాక నన్ను ఒక్కటే అడిగింది. “జూల పెడితె పిల్ల బతికే ఉన్నదని తల్లికి ఎట్ల తెలుస్తది మేడం?”

నేను లేచి లోపలికి పోయి, గంపలో పిల్ల చుట్టూ గడ్డి సర్దాను.

తెల్లారితే సద్దుల. ఊళ్లో ఏ వాకిట్లో చూసినా పువ్వే. గునుగు కట్టలకు రంగులు అద్ది అరుగుల మీద ఆరబెట్టారు. తంగేడు పసుపు, బంతి ఎరుపు కాళ్లకు అంటుకుంటున్నాయి. మంచు ఇంకా విడలేదు, ఊరు ఊరంతా సగం నిద్రలోనే పువ్వులు పేరుస్తున్నట్టుంది. నేను ఆ అందమంతా తొక్కుకుంటూ సర్పంచ్ ఇంటికి పోయాను. బాక్సులు వద్దన్నాను.

“ఏడాదికొక్క సద్దుల మేడం. పులి కోసం పండుగ బందువెట్టిన అంటె ఊరోళ్లు నన్ను నిలవనిస్తరా?” అన్నాడు సర్పంచ్. కాసేపు గడ్డం గోక్కుని, “ఆడోళ్లు సరే అంటె నాకేం లేదు. ఆడేది వాళ్లు గద” అన్నాడు. తప్పించుకున్నానని ఆయన అనుకున్నాడు. దారి చూపించాడని నేను అనుకున్నాను.

ఆడవాళ్లంతా పటేలమ్మ వాకిట్లో ఉన్నారు. భూములున్న ఇల్లు, పెద్ద వాకిలి. బతుకమ్మ పాట చెప్పేది ఆమే. ఆమె ఎత్తుకుంటే ఊరు అందుకోవాలి. నేను పోయి సంగతంతా చెప్పి, చీకటి పడి తల్లి వచ్చేదాకా బాక్సులూ వద్దు, పాటలూ వద్దు, చప్పట్లూ వద్దు అన్నాను.

పటేలమ్మ తల ఎత్తలేదు. “బాక్సులు బందువెట్టుండ్రి, మంచిదే. గా సప్పుడు నాకు గూడ పడదు. పాట బందువెట్టుమంటరేంది? సద్దుల నాడు పాట లేకుంటె గది బతుకమ్మనా? పూల కుప్ప.”

నేను మైకు తీశాను. చట్టం చెప్పాను. చిరుత లేకపోతే అడవిపందులు పెరిగి కంది చేన్లు ఏమవుతాయో చెప్పాను. రేపు పిల్లలకు అడవి అంటే బొమ్మల్లో చూపించాల్సి వస్తుందని చెప్పాను. ట్రైనింగులో నేర్పినవీ నేర్పనివీ అన్నీ చెప్పాను. వాళ్లు పూలు పేరుస్తూనే ఉన్నారు. ఎవరో ఒకామె నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది, గొంతు ఎండిపోయి ఉంటుందని. ఆ నీళ్లు తాగుతుంటే సిగ్గేసింది.

అప్పుడే పండ్లక్క కూతురు గోడ పట్టుకుని మెల్లగా వాకిట్లోకి వచ్చింది. నడుం మీద చేయి వేసుకుని నిలబడింది. ఆ పిల్ల కూడా పెద్దగా మాట్లాడేది కాదు.

“సద్దులకు మేమందరం తల్లిగారిండ్లకు వచ్చినం గద పటేలమ్మా,” అంది. “మా అమ్మ యాలాల్ దాక వచ్చి నన్ను తోలుకొచ్చింది. మీ బిడ్డలు వచ్చిండ్రు. గది గూడ ఆడివిల్లనే అంట. దాన్ని తల్లి కాడికి తోలియ్యమా?”

పటేలమ్మ చేతిలో తంగేడు పువ్వు చేతిలోనే ఉంది. పక్కనే ఆమె ఇద్దరు కూతుళ్లు, పండక్కి వచ్చినవాళ్లు, తల్లి ముఖం చూస్తున్నారు. ఆమె ఆ పువ్వును దాని చోట్లో పెట్టి, “ఎంతసేపు?” అంది.

“తల్లి వచ్చేదాక,” అన్నాను నేను.

“రాకుంటె?”

“బాగ చీకటి పడ్డంక ఇగ మీ ఇష్టం, పాడుకోండ్రి.”

“గాజులు సప్పుడైతయి గద.”

నేను నోరు తెరిచేలోపే మా బీట్ ఆఫీసర్ అంది, “గాజులకు కొంగు చుట్టుకుంటె చాలు పెద్దమ్మా.” ఆ మాట వినడానికి వాకిట్లో ఆడవాళ్లంతా ముందుకు వంగారు. నేను అంతసేపు అరిచినా ఒక్కరూ వంగలేదు.

ఆ తర్వాత ఊరే తన పని తాను చేసుకుంది. బాక్సుల మీద తాటిపత్రి పట్టా కప్పారు. గుడి మైకు తీసేశారు. బీట్ ఆఫీసర్ మసీదుకు పోయి అడిగితే, అక్కడి పెద్దాయన, “ఉన్నదే నలుగురం బేటీ, మైకెందుకు. నా గొంతు సాలదా” అన్నాడట. కుక్కలను ఇళ్లలో కట్టేశారు. కుంట పక్క చేనుల్లో మోటార్లు ఆపారు.

ఇక పిల్లను తీసుకుపోదామని పండ్లక్క ఇంటికి వెళితే, గంప చూసి తల పట్టుకున్నాను. చిరుతపిల్ల నుదుటికి పసుపు, కుంకుమ బొట్టు. గంపలో పిడికెడు ఒడిబియ్యం. చుట్టూ ముత్తయిదువలు.

“ఏం పనక్కా ఇది?” అన్నాను.

“ఆడివిల్లను ఉత్త చేతులతోని తోలుతరా మేడం?” అంది పండ్లక్క. ఆమె ముఖంలో కొంటెతనం లేదు. నిజంగానే అడుగుతోంది.

బియ్యం గింజలన్నీ ఏరించాను. కుంకుమ తడిగుడ్డతో తుడిపించాను. పసుపు మాత్రం పోలేదు. మా సారు గంపలోకి తొంగి చూసి కణతలు నొక్కుకున్నాడు. “రిపోర్టుల ఏం రాయాలమ్మా నేను? చిరుత పిల్లకు పేరంటం చేసిండ్రని రాయాల్నా?” అన్నాడు. నవ్వు ఆపుకోవడానికి బీట్ ఆఫీసర్ వాకిట్లోకి పోయింది.

గంప నేను మోస్తానంటే పండ్లక్క ఒప్పుకోలేదు. తానే నెత్తిన పెట్టుకుని ఎక్కింది. సందు దగ్గరికి రాగానే గంప దించి, కట్టెతో బండను రెండుసార్లు తట్టింది. “వస్తున్న తల్లీ, జరుగు” అంది. కాసేపు ఆగి, “నీ బిడ్డను తెచ్చిన” అంది. ముందురోజు తట్టాల్సింది కూడా కలిపి తట్టినట్టు అనిపించింది. గంపను లోపల పెట్టి, ఆమె, నేను, బీట్ ఆఫీసర్ ముగ్గురం దూరంగా మా బండ మీదికి పోయి కూర్చున్నాం.

పొద్దు గూట్లో పడింది. కింద దారి వెంట బతుకమ్మలు వస్తున్నాయి. ఎవరి నెత్తిన వారి పూలగోపురం, పైన పసుపు గౌరమ్మ. మాట లేదు. కుంట ఒడ్డున బతుకమ్మలన్నీ ఒకచోట దించి, చుట్టూ వలయం కట్టారు. గాజులకు కొంగులు చుట్టుకున్నారు. పటేలమ్మ ఒక అడుగు వేసింది, ఊరంతా వేసింది. వంగడం, లేవడం, పక్కకు జరగడం, అన్నీ ఎప్పటిలాగే. చప్పట్లు కొట్టే చోట చేతులు దగ్గరికి తెచ్చి, తగలకుండా ఆపుకుంటున్నారు. పైనుంచి చూస్తే నీళ్లలో ఇంకో వలయం తిరుగుతోంది. ఏది పైది, ఏది నీళ్లలోదో మసకలో తెలియలేదు. ఇది నేను చూస్తున్నానా, చిన్నప్పుడెప్పుడో పడుకున్నాక వచ్చిన కలా అనుకున్నాను.

నేనూ నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ల సర్వీసులో అడవిలో అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు. మొదట చెవులు గుయ్యిమన్నాయి. తర్వాత ఒక్కొక్కటే రావడం మొదలైంది. గడ్డి గడ్డిని రాసుకోవడం. ఎండిన సీతాఫలం ఆకు ఎక్కడో రాలి, కొమ్మకు తగిలి, మళ్లీ రాలడం. మసీదు నుంచి ఆ పెద్దాయన ఒట్టి గొంతు, పక్కింట్లోంచి పిలిచినంత దగ్గరగా. కింద అన్ని పాదాలూ మట్టిని తాకే మెత్తని చప్పుడు. మా ఆయన మాట్లాడే మనిషి కాదు. అడవి నుంచి ఇంటికొచ్చి అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. పెళ్లాంతో రెండు ముక్కలు మాట్లాడితే నోటి ముత్యాలు రాలతాయా అని దెప్పేదాన్ని. ఆయన రోజంతా ఏం విని వచ్చేవాడో ఆ బండ మీద కూర్చుంటే తెలిసింది. తెలిసి చాలా దుఃఖం వచ్చింది. ఏడిస్తే కూడా నాకు చప్పుడవుతుంది, అందుకని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు పిల్ల ఏడుపు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి. కింద కుంట దాకా వినిపించింది. వలయం ఒక్క క్షణం తడబడి మళ్లీ కదిలింది. పండ్లక్క కళ్లు మూసుకుని కూర్చుంది, పెదవులు కదులుతున్నాయి. ఎంతసేపో చెప్పలేను. ఏడుపు, గాలి, పాదాలు. మళ్లీ ఏడుపు.

పై నుంచి రంపం గొంతు ఒక్కసారి వచ్చింది. పిల్ల బదులు పలికింది. ఈసారి మధ్యలో ఏ పాటా అడ్డం రాలేదు.

సందు ముందు గడ్డి విడిపోయి మళ్లీ కలిసింది. అంతకు మించి నేను చూడలేదు. ఇంతసేపూ ఏడ్చిన ఏడుపు సగంలో ఆగిపోయింది.

కింద ఆట కూడా ఆగింది. వంగినవాళ్లు వంగినట్టే, లేచినవాళ్లు లేచినట్టే నిలబడ్డారు. అందరి ముఖాలూ గుట్ట వైపు తిరిగాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పకుండానే ఊరంతటికీ తెలిసిపోయింది. పండ్లక్క నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ఆమె వీపు నిమురుతూ నేనూ ఏడ్చాను. మా బీట్ ఆఫీసర్ దువా చేస్తున్నట్టు రెండు చేతులూ ముఖానికి రాసుకుంది.

ఇప్పుడు పాడుకోవచ్చు కదా. పటేలమ్మ పాడలేదు. చీకటి పడ్డా పాడలేదు. తల్లి పిల్లను పట్టుకుని ఇంకా ఎంతో దూరం పోయి ఉండదని ఆమె లెక్కట. అలా సప్పుడు లేకుండానే బతుకమ్మలను నీళ్లలో వదిలారు. చేతులు అడ్డం పెట్టుకుని మలీద ముద్దలు పంచుకున్నారు, నవ్వు వస్తే కొంగులో నవ్వారు.

పొద్దున పోయి చూస్తే గంపలో గడ్డి ఉంది, అడుగున మరిచిపోయిన రెండు సీతాఫలాలు ఉన్నాయి, పిల్ల లేదు. కెమెరాలో తోక ఒక్కటే పడింది. మా సారు ఆ తోకను రిపోర్టుకు జతచేసి పైకి పంపాడు. తోక ఎవరిదని పై నుంచి ఎవరూ అడగలేదు. బోను రాలేదు, గుట్టా మూయలేదు. సందు ఉన్న వైపు ఆ ఏడు ఎవరూ పోవద్దని ఆడవాళ్లే కట్టడి చేసుకున్నారు. తమ తమ చెట్లలో కొన్ని పండ్లక్కకు వదిలారు. దసరా వెళ్లిన వారానికి వికారాబాద్ ఆసుపత్రిలో ఆమె కూతురికి కాన్పు అయింది. ఆడపిల్ల. వార్త చెప్పడానికి పండ్లక్క ఫోన్ చేసి, “ఇద్దరు మంచిగున్నరు మేడం” అని, అంతటితో ఆగలేక, “గాడ గుట్ట మీద గూడ మంచిగనే ఉంటరు గద” అంది.

నేను రిటైరయ్యాను. పటేలమ్మ పోయింది, ఇప్పుడు ఆమె కోడలు పాట చెబుతుంది. మా బీట్ ఆఫీసర్ నా కుర్చీలోకి వచ్చింది. ఆమె కింద పనిచేసే పిల్లలు ఆమె మాట కోసం ముందుకు వంగి కూర్చుంటారట. మొన్న సద్దులకు రమ్మని పండ్లక్క పిలిస్తే ఆ ఊరికి పోయాను. పొద్దు గూట్లో పడే వేళ బతుకమ్మలు దించారు, వలయం కట్టారు. పాట ఎత్తుకోకుండానే తిరగడం మొదలుపెట్టారు. చేతులు దగ్గరికి వచ్చి తగలకుండా ఆగుతున్నాయి. ఇది ఇప్పటికీ చేస్తున్నారా అని ఆశ్చర్యపోయాను. ఏటా అంతేనట. చీకటి పడేదాకా సప్పుడు ఉండదు, పడ్డాక పాట. కొత్తగా కోడళ్లయి వచ్చినవాళ్లకు ఎందుకో తెలియదు, అయినా చేస్తారు.

నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. పక్కన కూర్చున్న పండ్లక్కతో, ఆ రోజు మా సారు ముఖం గుర్తుందా, పేరంటం అన్నాడు గుర్తుందా అని మొదలుపెట్టాను. నా సంగతి మీకు చెప్పాను కదా. కుంట అవతలి ఒడ్డుకు కూడా వినపడి ఉంటుంది.

వలయంలోంచి ఒక చిన్నపిల్ల బయటికి వచ్చింది. పండ్లక్క మనవరాలు. నా ముందు నిలబడి, మూతి మీద వేలు పెట్టుకుంది.

“సప్పుడు చెయ్యకు అమ్మమ్మా,” అంది గుసగుసగా. “పిల్ల ఏడుస్తె వాళ్లమ్మకు ఇనపడాలె గద.”

గుట్ట మీద ఇప్పుడు గంప లేదు, పిల్లా లేదు. నేను నోరు మూసుకుని, అందరితో పాటు అటు వైపే చెవి పెట్టాను.